తిన్నాను అను

"నేను హెడ్‌సెట్ పెట్టుకోను" అంది మా పాప. ఎందుకే అంటే, "పెట్టుకుంటే అమ్మమ్మ మాటలు నీకు వినపడవు కదా, మరి నాకెవరు చెప్తారు?" అంది. అంది ఇంగ్లీషులోనే. తెలుగు చేసి రాస్తున్నది నేను. ఆ అలవాటు గురించే ఈ గోలంతా.

అంతకుముందు దాకా నేను హైదరాబాద్ నల్లకుంటలో మా అమ్మ ఇంట్లో, నాన్న వాడిన పాత సిస్టమ్ ముందు గొంతుక్కూర్చుని, సీపీయూ వెనక చెయ్యి పెట్టి తడుముతున్నాను. సెలవులకి వచ్చి మూడు వారాలైంది. తిరిగి వెళ్లేలోపు నేను మధ్యలో లేకుండా అమ్మా, పాపా మాట్లాడుకునే ఏర్పాటు చేసి పోవాలని పట్టుదల. అమ్మకి ఎడమ చెవి కొంచెం మందం. ఫోన్లో వీడియో కాల్ అంటే మాకు ఆవిడ నుదురు, పైన తిరిగే ఫ్యాను తప్ప ఏమీ కనిపించవు. కిందటేడు బ్లూటూత్ హెడ్‌సెట్ పంపాను. దానికి ఛార్జింగ్ పెట్టడం మర్చిపోతుంది. పెట్టిన రోజున కూడా మైకు ఆన్ అవగానే అవతలి గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టు మారిపోతుంది. అందుకని ఈసారి వైరుదే అనుకుని, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి ఒకటి కొనుక్కొచ్చాను.

దానికి ఒకటే పిన్ను. ఆకుపచ్చ జాక్‌లో పెడితే అమ్మకి పాట బ్రహ్మాండంగా వినిపించింది. ఆవిడ మాట్లాడితే మాత్రం లోపలి గదిలో నా లాప్‌టాప్‌లో చడీచప్పుడు లేదు. తీసి గులాబీ జాక్‌లో పెట్టాను. పాట కూడా పోయింది. పద్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నానన్న సంగతి ఆ రోజు ఎవరూ గుర్తు చేయలేదు, వాళ్ల మంచితనం.

మర్నాడు మళ్లీ అదే షాపుకి వెళ్తే, కుర్రాడు పిన్ను చేతికిచ్చి "నల్ల గీతలు ఎన్నున్నయో లెక్కపెట్టక్కా" అన్నాడు. మూడు. మూడు గీతలుంటే పిన్ను నాలుగు భాగాలన్నమాట: ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, గ్రౌండుకి ఒకటి, మైకుకి ఒకటి. అది ఫోన్లకీ కొత్త లాప్‌టాప్‌లకీ సరిపోతుంది. పాత సిస్టమ్‌లో వినే జాక్ వేరు, మాట్లాడే జాక్ వేరు. కాబట్టి రెండేసి గీతల పిన్నులు రెండు కావాలి. హెడ్‌సెట్ మార్చక్కర్లేదని, ఒక చివర రెండు పిన్నులున్న చిన్న స్ప్లిటర్ వైరు ఇచ్చాడు. "ముందే చెప్తే రెండు పిన్నులదే ఇస్తుంటి గదక్కా" అన్నాడు. నిజమే, నేనే చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిస్తే కదా.

ఆకుపచ్చ వినడానికి, గులాబీ మైకుకి, నీలం బయటి టేప్ రికార్డర్ లాంటివి కలపడానికి. ఈ రంగులు 1999 నాటి పీసీల కోసం ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి రాసిన నిబంధనల్లోవి. అవి రాసినవాళ్లెవరూ మంచానికీ గోడకీ మధ్య ఇరికించిన సీపీయూని చూసి ఉండరు. ఆ చీకట్లో ఆకుపచ్చా నీలమూ ఒకటే. ఎలాగో రెండూ గుచ్చాను. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాంట్లో సౌండ్, దాంట్లో ఇన్‌పుట్ తెరిచి, మైకు ఎంచుకుని, అమ్మని మాట్లాడమన్నాను. వినాయకుడి పందిట్లోలాగా "హలో హలో మైక్ టెస్టింగ్" అంది. తెర మీద గొంతు స్థాయి చూపించే గీత కదల్లేదు. ఇంకో పావుగంటకి దొరికింది: ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ అనుమతి ఆపేసి ఉంది. ఆన్ చేయగానే గీత ఎగిరింది. అమ్మ అప్పటికి టెస్టింగ్ మానేసి పాలవాడి లెక్క చెప్తోంది.

అంతా అయ్యాక, లోపలి గదిలో లాప్‌టాప్ ముందు ఇంకో హెడ్‌సెట్ ఇచ్చి కూర్చోబెట్టిన పిల్ల అన్న మాట అది. పెట్టుకోను అని.

మా ఊళ్లో శనివారం రాత్రి తొమ్మిదంటే అమ్మకి ఆదివారం ఉదయం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. ప్రతి వారం ఆ వేళకి పాప పక్కన కూర్చుంటాను. "తిన్నావా తల్లీ?" అంటుంది అమ్మ. నేను పాప చెవిలో "తిన్నాను అను" అంటాను. పాప గట్టిగా "తిన్నాను అను" అంటుంది. నాలుగేళ్లప్పుడు అది ముద్దు, కడుపుబ్బ నవ్వుకున్నాం. ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఇప్పటికీ "బాగున్నాను అను" అనే అంటుంది. అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది, కాకపోతే కాస్త ఆగి నవ్వుతుంది. ఆ ఆగడాన్ని నేను నెట్‌వర్క్ మీదకి నెట్టేస్తూ వచ్చాను.

ఈ హెడ్‌సెట్ పిన్ను మొదట పుట్టింది 19వ శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో. ఆపరేటరు ఒకరి వైరు తెచ్చి ఇంకొకరి జాక్‌లో గుచ్చితే గానీ వాళ్లకి మాటలు కలిసేవి కావు. నేను చేస్తున్నది ఆ ఉద్యోగమే. ఇంకా చెప్పాలంటే, మధ్యలో కూర్చుని వింటూ, సొంత కవిత్వం కలిపే ఆపరేటరుని. పాప "బోర్‌గా ఉంది, ఎప్పుడైపోతుంది?" అంటే, నేను అమ్మకి "నిద్రొస్తోందంట" అని చేరవేస్తాను.

ఇంట్లో తెలుగే మాట్లాడాలని రూలు పెట్టింది నేనే. హోంవర్క్ దగ్గర, కోపం వచ్చినప్పుడు ఇంగ్లీషులోకి దిగేదీ నేనే. నిజం ఒప్పుకోవాలంటే, మా ఆయనా నేనూ తెలుగు పూర్తిగా వాడేది పాపకి తెలియకూడని సంగతులకి. ఇంటి లోను, అత్తగారి మోకాళ్లు, పుట్టినరోజుకి సైకిలు కొనాలా వద్దా. సైకిలు సంగతి దానికి ముందే తెలిసిపోయింది. అంటే వింటోంది, అర్థమూ అవుతోంది.

మరి నోరెందుకు పెగలదు? రెండేళ్ల కిందట ఇదే హాల్లో "అమ్మమ్మ వచ్చాడు" అంది. అక్క పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్లు పిల్లలు. నేనూ నవ్వాను. తర్వాత సరిదిద్దాను కూడా, అందరి ముందూ, మంచి టీచర్‌లాగా. అప్పట్నుంచి నేను అందించని మాట పాప అమ్మమ్మతో అన్నట్టు గుర్తు లేదు.

తోటి తల్లులకి ఒక సలహా రాద్దామని మొదలుపెట్టాను: పిల్లల చెవిలో మాటలు అందించడం మానండి, హెడ్‌సెట్ తగిలించి తలుపేసి వచ్చేయండి అని. కానీ ఆ రోజు నేను చేసింది అది కాదు. అరగంట బతిమాలాను, ఐస్‌క్రీమ్ ఆశపెట్టాను, చివరికి ఇంగ్లీషులో అరిచాను. ఏదీ పని చేయలేదు. ఈలోగా గ్యాస్ సిలిండర్ వచ్చింది. ఓటీపీ నా ఫోనుకే వచ్చింది కాబట్టి కిందకి నేనే దిగాను. చిల్లర కోసం ఎదురింటికి వెళ్లి, ఆవిడ పలకరింపులన్నీ అయి పైకి వచ్చేసరికి, లోపలి గది తలుపు మూసి ఉంది.

హాల్లో అమ్మ హెడ్‌సెట్ పెట్టుకుని, మైకుని నోటికి మరీ దగ్గరగా లాక్కుని కూర్చుంది. "ఆఁ... ఆఁ... అవునా? మళ్లీ చెప్పు" అంటోంది. మధ్యలో ఒకసారి "వాట్ కలర్?" అంది. మా అమ్మ! నాకు సగమే వినిపిస్తోంది. తలుపు దగ్గరికి వెళ్లి చెవి పెట్టాను, సిగ్గు లేకుండా. లోపల గుసగుస. ఏ భాషో కూడా తెలియలేదు.

కాసేపటికి అమ్మ హెడ్‌సెట్ తీసి జుట్టు సవరించుకుంది.

"ఏమంటోందే?" అన్నాను.

"నీకు చెప్పొద్దంది."

"సరే, తెలుగులోనా ఇంగ్లీషులోనా, అదైనా చెప్పు."

"అదీ చెప్పొద్దంది" అని లేచి, గ్యాస్ మార్చడానికి వంటింట్లోకి వెళ్లింది.