చుక్క ఏమీ తినలేదు, అయినా నోట్లో పుండ్లు

"ఇదేమీ తినలేదండీ" అని మా పిల్లి చుక్క గురించి డాక్టరుకి నాలుగైదు సార్లు చెప్పాను. నిజంగానే తినలేదు. రోజూ పెట్టే తిండే పెట్టాను, బయటికి వెళ్లలేదు, చెత్తబుట్టకి మూత ఉంది. కానీ పొద్దున లేచి చూసేసరికి చుక్క గడ్డం కింద బొచ్చంతా చొంగతో తడిసి అట్టకట్టి ఉంది. గిన్నె దగ్గరికి వెళ్లి వాసన చూసింది, ఒక్కసారి నాలుక ఆనించి చటుక్కున వెనక్కి తీసుకుంది, ముందు కాలితో మూతి తుడుచుకుని మంచం కిందకి వెళ్లి కూర్చుంది. ఆకలేస్తోంది, తినాలనుంది, తినలేకపోతోంది. డాక్టరు దాని నోరు తెరిచి నాకు చూపించారు. నాలుక అంచులు ఎర్రగా ఉన్నాయి, కొన దగ్గర పైపొర ఊడిపోయి చిన్న పుండు. అప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "నిన్న ఇల్లు దేంతో తుడిచారు?"

నేల తుడిచే ద్రావణం నేను కొలిచి పోయలేదు. మరక పోవట్లేదని ఇంకాస్త, ఇంకాస్త పోస్తూ వెళ్లాను. తడి ఆరకముందే చుక్క దాని మీద నడిచి కిటికీ గట్టెక్కింది, వేళ్లు విడదీసుకుని ఒక్కో వేలి సందునీ ఓపిగ్గా నాక్కుంది. నేను పక్కనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. ఇలాంటి ద్రావణాల్లో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే మందు ఉంటుంది, క్రిములను చంపడానికి. చిక్కగా ఉన్నప్పుడు అది పిల్లి నాలుకని కాల్చేస్తుంది. పైగా వెంటనే తెలియదు, కొన్ని గంటలు గడిచాక చొంగ మొదలవుతుంది, జ్వరం రావచ్చు, తిండి మానేస్తుంది. చుక్కకి నొప్పి తగ్గే మందు, మెత్తటి తిండితో వారంలోపు నయమైంది. అంతటితో పోయింది కాబట్టి ఇవాళ కూర్చుని ఇది రాయగలుగుతున్నాను.

అప్పటిదాకా నేను పిల్లి జాగ్రత్త అంటే తిండి జాగ్రత్తే అనుకునేదాన్ని. ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు, అంతే. కానీ పిల్లి మెలకువగా ఉన్న సమయంలో బోలెడంత సేపు ఒళ్లు నాక్కోవడానికే పోతుంది. అందుకే దాని కాలికి, బొచ్చుకి, తోకకి ఏది అంటితే అది కాసేపట్లో కడుపులో ఉంటుంది. కుక్క అయితే నచ్చింది తిని తంటా తెచ్చుకుంటుంది, పిల్లి తిండి విషయంలో పేచీలు పెట్టే జీవి, తెలిసి తెలిసి పిచ్చివి తినేది తక్కువే. దానికి తెలియకుండా లోపలికి వెళ్లేవే ఎక్కువ ప్రమాదం. ఈ ఒక్క మాట అర్థమయ్యాక ఇంట్లో ప్రతి వస్తువూ నాకు వేరేగా కనిపించడం మొదలైంది.

రెండో సంగతి దాని లివర్. మన లివర్ చాలా మందుల్ని, రసాయనాల్ని ఒక రకం చక్కెర పదార్థంతో జత చేసి బయటికి పంపేస్తుంది. పిల్లికి ఆ పని చేసే ఎంజైముల్లో ముఖ్యమైనది అసలు పనిచేయదు. తరతరాలుగా మాంసమే తిన్న జంతువు కదా, మొక్కల్లోని విషాలతో దానికి పెద్దగా పని పడలేదు. దీని ఫలితం ఏంటంటే, మనం జ్వరమొస్తే మామూలుగా వేసుకునే పారాసిటమాల్ పిల్లికి విషం. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి నాలుగు కిలోల పిల్లి ప్రాణం తీయగలదు. రక్తం ఆక్సిజన్ మోయలేక చిగుళ్లు గోధుమ రంగుకి, నీలానికి తిరుగుతాయి, ముఖం, పంజాలు వాస్తాయి. "ఒళ్లు వెచ్చగా ఉంది, చిన్న ముక్క వేద్దాం" అని ప్రేమతోనే వేసేవాళ్లు ఉన్నారు. దయచేసి వేయకండి, పావు ముక్క కూడా వద్దు. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలూ అంతే, కిడ్నీలు దెబ్బతింటాయి. మాత్ర చేజారి సోఫా కిందకి దొర్లితే, దొరికేదాకా వెతకండి. పిల్లికి అది తిండి కాదు కానీ తోసుకుంటూ ఆడుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది.

ఒంటికి రాసుకునేవి కూడా ఇందులోకే వస్తాయి, వీటి గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. జుట్టు మొలవడానికి తలకి రాసుకునే మినాక్సిడిల్ ఉంది చూడండి, అది పిల్లికి చుక్కలంత పరిమాణంలోనూ ప్రమాదమే, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, గుండె మీద పడి చనిపోయిన పిల్లులు ఉన్నాయి. మనం రాత్రి రాసుకుని పడుకుంటాం, అది వచ్చి దిండు మీద తల ఆనించి పడుకుంటుంది, లేదా మన తలే నాకుతుంది. మా ఇంట్లో అది వాడేవారు ఉన్నారు, ఇప్పుడు ఆ గది తలుపు రాత్రిపూట మూసే ఉంటుంది, దిండు గలీబు కూడా చుక్క ఎక్కని చోట ఉంటుంది. సువాసన నూనెలు కూడా అంతే. టీ ట్రీ నూనె అయితే మరీ. "సహజమైనది" అని సీసా మీద రాసి ఉంటే పిల్లి లివర్‌కి ఏమీ తేడా పడదు. గదిలో పొగమంచులా చల్లే డిఫ్యూజర్లు పెడితే ఆ తుంపరలు బొచ్చు మీద వాలతాయి, తర్వాత కథ మీకు తెలుసు.

ఇక పేలు, గోమార్ల మందు. కుక్కల కోసం మెడ మీద వేసే చుక్కల మందుల్లో కొన్నింట్లో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకి ఏమీ కాదు, పిల్లికి మాత్రం ఒళ్లంతా వణుకు, ఫిట్స్. ఇంట్లో కుక్క, పిల్లి రెండూ ఉండి, "మందు ఒకటేగా, సగం దీనికి సగం దానికి" అని వేసినప్పుడు జరిగే ఘోరం ఇది. కుక్కకి వేసిన రోజు పిల్లి దాన్ని ఆనుకుని పడుకున్నా, నాకినా సరిపోతుంది. డబ్బా మీద పిల్లి బొమ్మ లేకపోతే అది పిల్లికి కాదు.

లిల్లీల గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మన భాషలో లిల్లీ అనగానే చాలామందికి కాడకి తెల్లగా గుత్తులుగా పూసే సువాసన పూలు గుర్తొస్తాయి. నేను చెప్పేది వాటి గురించి కాదు. బొకేల్లో పెద్దగా, బాకా ఆకారంలో విచ్చుకుని, మధ్యలో గోధుమరంగు పుప్పొడి నిండిన కేసరాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయే, ఆ అసలు లిల్లీలు, వాటితో పాటు డే లిల్లీలు. రేక, ఆకు, కాడ, పుప్పొడి, ఆఖరికి ఆ పూలు పెట్టిన కుండీలోని నీళ్లు, అన్నీ పిల్లి కిడ్నీలకి విషమే. పిల్లి పువ్వు కొరకనక్కర్లేదు, పక్క నుంచి రాసుకుంటూ వెళ్తే వీపు మీద పుప్పొడి పడుతుంది, ఆ తర్వాత నాక్కుంటుంది. కొన్ని గంటల్లో వాంతులు, నీరసం. ఒక్కోసారి అవి తగ్గి, హమ్మయ్య అనిపిస్తుంది, కానీ లోపల కిడ్నీలు పాడవుతూనే ఉంటాయి, ఒకటి నుంచి మూడు రోజుల్లో పూర్తిగా చేతులెత్తేస్తాయి. విషం లోపలికి వెళ్లి 18 గంటలు దాటకముందే సెలైన్ మొదలుపెడితే బతికే అవకాశం బాగుంటుంది, దాటితే చాలా కష్టం. అందుకే "రేపటిదాకా చూద్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు. కుక్క ఇదే పువ్వు తింటే కిడ్నీలు ఇలా పోవు, కాబట్టి "మా కుక్క తింది, ఏం కాలేదు" అనే అనుభవాన్ని నమ్ముకోకండి. పీస్ లిల్లీ, మనీ ప్లాంట్ లాంటివి వేరే బాపతు. నమిలితే సూదుల్లాంటి స్ఫటికాలు నోట్లో గుచ్చుకుని మంట, చొంగ వస్తాయి, కిడ్నీల దాకా వెళ్లవు. సైకస్ (సాగో పామ్) అనే అలంకరణ మొక్క మాత్రం ఇంట్లో వద్దే వద్దు, అది లివర్‌ని నాశనం చేస్తుంది.

తిండి సంగతికి వస్తే నాకు అన్నిటికన్నా భయం ఉల్లి, వెల్లుల్లి. పచ్చివైనా, ఉడికినా, పొడిగా మారినా తేడా లేదు. వాటిలోని పదార్థాలు ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. మన హిమోగ్లోబిన్‌లో ఇలాంటి దాడికి లొంగే చోట్లు రెండుంటే, కుక్కలో నాలుగు, పిల్లిలో ఎనిమిది అని పశువైద్య పుస్తకాల్లో ఉంటుంది. అందుకే పిల్లికి కాస్త చాలు. లక్షణాలు కూడా రోజులు గడిచాక బయటపడతాయి, చిగుళ్లు పాలిపోవడం, ఆయాసం, మూత్రం ముదురు రంగులో రావడం. అప్పటికి ఎప్పుడో పెట్టిన ముక్క మనకి గుర్తు కూడా ఉండదు. మన కోసం వండిన మాంసం కడిగి పెడితే సరిపోతుందని అనుకోవద్దు, ఆ రసం లోపలిదాకా దిగి ఉంటుంది. పెట్టాలనిపిస్తే వండేటప్పుడే, ఉప్పు కూడా వేయకముందే ఒక ముక్క పక్కకి తీసి విడిగా ఉడికించండి, ఎముక లేకుండా. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. చాక్లెట్, కాఫీ, ద్రాక్ష, ఎండు ద్రాక్ష, మద్యం, పులుస్తున్న పచ్చి పిండి, ఇవన్నీ అందకుండా ఉంచాల్సినవే. పిల్లికి తీపి రుచి తెలియదు కాబట్టి చాక్లెట్ కోసం కుక్కలా ఎగబడదు, కానీ అందులోని వెన్న కోసం నాకవచ్చు. పాలు విషం కాదు, పెరిగిన పిల్లులకి చాలావాటికి అరగవు, విరేచనాలు అవుతాయి, అంతే.

కుక్క తిండిని పిల్లికి రోజూ పెట్టడం మెల్లగా చంపడమే. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒంట్లో చాలినంత తయారుచేసుకోలేదు, మాంసం నుంచే రావాలి. 1987లో పాల్ పియన్, ఆయన తోటి పరిశోధకులు డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో తేల్చింది ఇదే, టారిన్ తక్కువైతే పిల్లి గుండె పెద్దదై, గోడలు పల్చబడి ఆగిపోతుందని. ఆ తర్వాతే కంపెనీలు పిల్లి తిండిలో టారిన్ పెంచాయి.

దారం గురించి చెప్పకుండా ముగించలేను. పిల్లి నాలుక మీద ముళ్లన్నీ గొంతు వైపు తిరిగి ఉంటాయి. నోట్లోకి వెళ్లిన దారాన్ని అది ఉమ్మలేదు, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని, రెండో కొస పేగుల్లో ముందుకి సాగుతుంటే, పేగు లంగా బొందు లాగినట్టు ముడతలు పడి, దారం కోసుకుపోతుంది. నోట్లోంచి గానీ, వెనక నుంచి గానీ దారం వేలాడుతూ కనిపిస్తే లాగొద్దు. ఎంత చిన్నదిగా కనిపించినా లాగొద్దు. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కుట్టు సూది దారంతో సహా, రిబ్బన్లు, పళ్లు తోముకునే ఫ్లాస్, జుట్టు రబ్బర్లు, ఇవన్నీ నేను మూత గట్టిగా పడే డబ్బాలో పెడుతున్నాను. ఉన్ని ఉండతో ఆడే పిల్లి ఫొటోలు చూస్తే ఇప్పుడు నాకు కడుపులో తిప్పుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వాషింగ్ మెషిన్ తలుపు మూసేముందు చెయ్యి పెట్టి లోపలంతా తడమండి, కంటితో చూడటం చాలదు, నల్ల పిల్లి నల్ల ప్యాంటు మధ్య కనపడదు. కిటికీలకి గట్టి జాలీ బిగించండి. పిల్లి ఎత్తు నుంచి పడినా కాళ్ల మీదే వాలుతుంది, ఏమీ కాదు అంటారు, కానీ ఎముకలు విరుగుతాయి, దవడ పగులుతుంది, ఛాతీలో గాలి చేరుతుంది. కలరా ఉండలు ఉన్న బీరువాలో దాన్ని పడుకోనివ్వకండి. ఎలుకల మందు ఇంట్లో పెట్టొద్దు, రక్తం గడ్డకట్టకుండా చేసే రకాలైతే మూడు నాలుగు రోజుల దాకా పిల్లి మామూలుగానే తిరుగుతుంది. కారు రేడియేటర్‌లో పోసే యాంటీఫ్రీజ్ (కూలెంట్) నేల మీద కారితే వెంటనే కడగండి, కొద్దిగా నాకినా కిడ్నీలు పోతాయి, విరుగుడు పనిచేయాలంటే మొదటి మూడు గంటల్లోపే పడాలి.

ఏదైనా జరిగిందని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం మీరు చేయకండి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పిల్లి కడుపుని రక్తం కారేలా పుండు చేస్తుంది, ఉప్పు నీళ్లు రక్తంలో ఉప్పుని ప్రమాదకరంగా పెంచుతాయి. పాలు పట్టించినా విరుగుడు అవ్వదు. ఒంటికి అంటినదైతే ముందు టవల్‌లో చుట్టి నాక్కోకుండా ఆపండి, ఫోన్‌లో డాక్టరుని అడిగి గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో కడగండి. సీసా, మాత్ర పట్టీ, కొరికిన ఆకు, ఏది ఉంటే అది వెంట తీసుకెళ్లండి. డాక్టరుకి దాని పేరు తెలిస్తే సగం టైమ్ కలిసొస్తుంది. రాత్రి తెరిచి ఉండే పెట్ హాస్పిటల్ ఏదో, నంబరేంటో ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఆ టెన్షన్‌లో వెతకడం చేతకాదు. మొక్కల విషయంలో సందేహం ఉంటే అమెరికాలోని ఏఎస్‌పీసీఏ సంస్థ వెబ్‌సైట్‌లో పిల్లులకి విషమయ్యే మొక్కల జాబితా ఫొటోలతో ఉంది, కొనేముందు చూసుకోవచ్చు.

పిల్లి నొప్పి దాచుకుంటుంది, అందుకే చిన్నవి చూడాలి. తిండి ఒక పూట మానేసిందా, మంచం కిందే ఉండిపోతోందా, చిగుళ్ల రంగు ఎలా ఉంది. బాగున్న రోజున ఒకసారి పెదవి పైకెత్తి చిగుళ్లు చూసి పెట్టుకోండి, బాగోలేని రోజున తేడా తెలుస్తుంది. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే లివర్‌లో కొవ్వు పేరుకుని అదో కొత్త జబ్బు అవుతుంది, అందాకా ఆగకండి.

ఇప్పుడు మా ఇంట్లో నేల తుడిచే ద్రావణాన్ని మూతతో కొలిచి పోస్తాను, తర్వాత ఉత్త నీళ్లతో ఇంకోసారి తుడుస్తాను. తడి ఆరేదాకా చుక్క పడగ్గదిలో ఉంటుంది. తలుపు కింది సందులోంచి పంజా బయటికి చాపి అరుస్తూ ఉంటుంది, నేను ఇటువైపు కూర్చుని నేల మీద అరచెయ్యి పెట్టి చూసుకుంటాను. పొడిగా తగిలాకే తలుపు తీస్తాను.