ఇరవయ్యో తేదీ, ఫోన్లో ఆట

ఈ రోజు 20వ తేదీ, జీఎస్టీ 3బి రిటర్నులకు, అంటే వ్యాపారుల నెలవారీ పన్ను లెక్కలు దాఖలు చేయడానికి, ఆఖరి రోజు. గంటస్తంభం దగ్గర మా ట్యాక్స్ ఆఫీసులో నెలనెలా ఈ రోజు ఎవరికీ ఊపిరాడదు. అయినా పొద్దున్న కాఫీ తాగుతూ ఏకాగ్రత యాప్‌లో ఆట మాత్రం మానలేదు. పచ్చ చుక్క వస్తే తెర నొక్కాలి, ఎర్ర చుక్క వస్తే వేలు ఆపాలి. బాగా ఆడేకొద్దీ వేగం పెరుగుతుంది. వరసగా పచ్చవే వచ్చీ వచ్చీ, ఎర్రది కనిపించినా వేలు దానంతటదే పడిపోతుంది. ఈ మధ్య ఆపుకోగలుగుతున్నాను. స్కోరు పెరిగింది, సంతోషంగానే ఉంది.

"ఫోన్లో ఆటాడితే బుర్ర కుదురుగా ఉంటాదేటమ్మా?" అని అడిగారు అత్తయ్య. నిజంగా తెలుసుకుందామనే అడిగారు. నాకు ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస ఒకచోట నిలవని సమస్య, ఉందని విశాఖలో డాక్టర్‌గారు చెప్పినప్పుడు పక్కన కూర్చున్నది ఆవిడే. పెద్దయ్యాక బయటపడినా, లక్షణాలు 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలట. అందుకే ఆ రోజు మా అమ్మకి ఫోన్ చేసి మరీ నా బడి సంగతులు కనుక్కున్నారు డాక్టర్‌గారు. క్లాసులో అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లని ఎవరూ పట్టించుకోరు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ఆఫీసుకి వెళ్తున్నంతసేపూ అత్తయ్య ప్రశ్నే ఆలోచించాను. ఆటలు ఉత్తవే అని తోసేయలేం. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2020లో ఎండెవర్‌ఆర్ఎక్స్ అనే వీడియో గేమ్‌ని, ఏడీహెచ్‌డీ ఉన్న 8 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి డాక్టర్లు రాసివ్వడానికి అనుమతించింది. పెద్దవాళ్ళ ఆటకి 2024లో అనుమతి వచ్చింది. ఈ ఆటలో బొమ్మని దారి తప్పకుండా నడిపిస్తూనే, మధ్యలో ఎదురయ్యే గుర్తుల్లో కావలసినవాటినే పట్టుకోవాలి. అయితే దాని ఫలితాన్ని ముఖ్యంగా టోవా అనే, ధ్యాసని కొలిచే కంప్యూటర్ పరీక్షతో కొలిచారు. తెర మీద నేర్చిన విద్యని తెర మీదే కొలిచారన్నమాట. నా టేబుల్ మీది ఫైళ్ళ సంగతి ఆ పరీక్షకి ఎలా తెలుస్తుంది? ఆటలతో ఉద్యోగంలో, చదువులో మెరుగవుతారని ప్రచారం చేసుకున్న లుమోసిటీ కంపెనీ, దానికి తగిన ఆధారాలు లేవన్న ఆరోపణల మీద 2016లో అక్కడ వినియోగదారుల తరఫున చూసే ఎఫ్‌టీసీకి 20 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. యాప్ కొనేవాళ్ళందరికీ ఈ సంగతి తెలియాలి.

ఇక పని. ఒక బియ్యం మిల్లు కొనుగోళ్ళని జీఎస్టీ పోర్టల్‌లో వచ్చిన 2బితో, అంటే అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల జాబితాతో, సరిచూడాలి. ఎడమవైపు మన రిజిస్టరు, కుడివైపు 2బి. గోనె సంచుల బిల్లు ఒకటి మన దగ్గర 0187, అక్కడ 187. తేదీ ఒకటే, పన్ను ఒకటే. అమ్మినవాళ్ళు సున్నా వదిలేశారంతే, కానీ ఎక్సెల్ దాన్ని ఎర్రగా చూపిస్తుంది. ఇలాంటివి చూస్తూ చూస్తూ వెళ్ళాలి. బయట ఆటో హారన్ కొడితే నా ధ్యాస అటు పోతుంది. తిరిగొచ్చేసరికి ఏ వరసలో ఉన్నానో తెలియదు. చిన్నప్పటి నుంచీ దీన్ని బద్ధకం అన్నారు. బద్ధకం ఉన్నవాళ్ళకి రోజు చివర ఇంత అలసట రాదు.

ఇక్కడ నాకు అక్కరకొచ్చింది టైమర్ యాప్. తెర మీద రంగు చక్రం కొంచెం కొంచెం తరిగిపోతూ ఉంటుంది. ఎంతసేపయిందో నాకు లోపల నుంచి తెలియదు, కళ్ళతో చూస్తే తెలుస్తుంది. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అన్న పద్ధతిని 1980లలో ఫ్రాన్సిస్కో సిరిల్లో మొదలుపెట్టాడు. 25 నాకు ఎక్కువ, 15 పెట్టుకుంటాను. గంట మోగగానే లేవను. ఏ వరస దగ్గర ఆగానో పెన్సిల్‌తో రాసి అప్పుడు లేస్తాను. ఆ ఒక్క గీత ఉంటే చాలు, మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవక్కర్లేదు.

టైమర్ కోసం ఫోన్ తీస్తే వాట్సాప్ కనిపిస్తుంది, అదో టెన్షన్. అందుకని ఫోకస్ మోడ్ పెట్టి మిగతా యాప్‌లు ఆపేశాను. సాయంత్రం పోర్టల్ మొరాయిస్తుంటే, మా సీనియర్ అక్క కుర్చీ నా పక్కకి లాక్కుని తన ఫైళ్ళు తను చూసుకుంది. మాటల్లేవు. పక్కన ఒక మనిషి పని చేసుకుంటూ ఉంటే నా పనీ సాగుతుంది. దీన్ని బాడీ డబ్లింగ్ అంటారు. ఏ యాప్ కన్నా నాకు ఇదే ఎక్కువ పనిచేసింది, మొహమాటం లేకుండా చెప్తున్నాను. రిటర్నులన్నీ వెళ్ళిపోయాయి.

ఇంటికొచ్చాక అత్తయ్యకి జవాబు చెప్పాను: "ఆటతో ఆట బాగా వస్తుందత్తయ్యా. పనికి టైమరూ, పక్కన మనిషీ కావాలి. మందులూ కౌన్సెలింగూ ఎలాగూ ఉన్నాయి." "అయితే ఆట మానేస్తావేటి?" అన్నారు. మానను. వేలు ఆపడం నేర్చుకోవడం నాకు ఇష్టంగా ఉంది. డబ్బులిచ్చి పై లెవెళ్ళు మాత్రం కొనను.

రాత్రి శ్రీకాకుళం నుంచి పిన్ని కూతురు మెసేజ్ పెట్టింది, తనకీ ఇలాగే అవుతోందట, ఏ యాప్ కొనమంటావని. ముందు మానసిక వైద్యుల దగ్గర చూపించుకో, వెళ్ళేముందు నీ చిన్నప్పటి సంగతులు పిన్నిని అడిగి కాగితం మీద రాసుకో, టైమర్ నీ ఫోన్లో ఉచితంగానే ఉంది అని రాశాను. ఆదివారం వస్తానంది. ఫోకస్ మోడ్ ఎలా పెట్టాలో దగ్గరుండి చూపిస్తాను.