పాత స్పీకర్లకి ట్వీటర్ పెడుతుంటే, చోటు దగ్గరే నెల పట్టింది

తెనాలిలో మా ఇంటి ముందుగదిలో నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న స్పీకర్లు ఇప్పటికీ ఉన్నాయి. టేకు పాలిష్ పెట్టెలు, ఒక్కో దాంట్లో ఒకే ఒక్క 8 అంగుళాల కోన్ (అదిరి శబ్దం పుట్టించే కాగితం), దాని మధ్యలో గరాటులా ఇంకో చిన్న కాగితం కోన్, అంతే. గొంతు పలకడంలో వాటికి వంక పెట్టలేం. ఘంటసాల పద్యం అందుకుంటే మనిషి ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. కానీ అది నాన్న కుర్చీలో కూర్చుంటేనే. అమ్మ కూర్చునే గుమ్మం దగ్గరికి వస్తే అదే పాట మీద దుప్పటి కప్పినట్టు ఉంటుంది, తాళాలు, మువ్వలు, 'స'కారం ఏవీ అక్కడిదాకా రావు.

చాలామంది ఇక్కడే ఆంప్లిఫయర్‌లో ట్రెబుల్ పెంచేస్తారు. దాంతో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల చెవులు గీరుకుంటాయి, గుమ్మం దగ్గర పరిస్థితి పెద్దగా మారదు. ఎందుకంటే ఇది ట్రెబుల్ తక్కువై వచ్చిన ఇబ్బంది కాదు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 2000 హెర్ట్జ్ (సెకనుకి 2000 కంపనాలు) దగ్గర ఒక తరంగం పొడవు 17 సెం.మీ., అంటే ఇంచుమించు ఆ కోన్ వెడల్పంత. అక్కడినుంచి పైకి వెళ్లేకొద్దీ పెద్ద కోన్ శబ్దాన్ని నలువైపులా పరచలేదు, టార్చిలైటులా ముందుకే కొడుతుంది. ట్వీటర్, అంటే సన్నని పై శబ్దాల కోసమే ఉండే చిన్న స్పీకర్, నాకు కావాల్సింది ఆ పై శబ్దాన్ని గదంతా పరవడానికి.

నాన్న ఒకటే మాట అన్నారు. "ఏమైనా చేసుకో, పెట్టె కోస్తే మాత్రం ఒప్పుకోను రా." ఆ మాట వినడం నాకు మంచిదే అయింది. ఎందుకంటే బాబాయ్ వాళ్ల స్పీకర్లు ఇలాంటివే, చాలా ఏళ్ల కిందట ఒక షాపులో ఇస్తే కోన్ పక్కన, కింది మూలకి బెజ్జం కొట్టి ట్వీటర్ బిగించేశారు, అదీ రెండు పెట్టెలకీ కుడివైపే. వాటి ముందు కూర్చుని తల జానెడు పక్కకి జరిపితే తాళం శబ్దం మారిపోతుంది. పక్కపక్కన పెడితే అంతే మరి, మనం పక్కకి జరిగినప్పుడల్లా కోన్ మనకి ఒక దూరంలో, ట్వీటర్ ఇంకో దూరంలో ఉంటాయి. 6000 హెర్ట్జ్ దగ్గర తరంగం 5.7 సెం.మీ. మాత్రమే, అందులో సగం, అంటే 3 సెం.మీ. తేడా వచ్చిందంటే ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతుంది, రెండూ కలిసి ఆ స్వరాన్ని మింగేస్తాయి. ఒకదాని మీద ఒకటి నిలువుగా పెడితే పక్కకి ఎంత జరిగినా రెండు దూరాలూ దాదాపు సమానమే. లేచి కూర్చుంటే తేడా వస్తుంది కానీ పాట వింటూ ఎవరూ గుంజీలు తీయరు కదా.

హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి చిన్న డోమ్ ట్వీటర్లు (కోన్ బదులు బుడిపెలాంటి పొర ఉండేవి) ఒక జత తెచ్చాను. పియెజో రకంవి (కాయిల్ బదులు కరెంటుకి అదిరే బిళ్లతో పలికేవి) అక్కడ ఇంకా చవగ్గా దొరుకుతాయి, కానీ వాటి గరుకుదనం ఈ స్పీకర్ల గొంతుకి నప్పదు, నేనైతే పెట్టను. పాత కాగితం కోన్లు తేలిగ్గా ఉంటాయి కాబట్టి తక్కువ పవర్‌కే గట్టిగా మోగుతాయి, ట్వీటర్ సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందన్నది, వాటికంటే ఎక్కువే ఉండాలి. ఎక్కువైతే రెసిస్టర్లతో తగ్గించుకోవచ్చు, తక్కువైతే చేసేదేమీ లేదు. 8 ఓమ్స్ ట్వీటర్‌కి సిరీస్‌లో 3.3 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెడితే అది కింది శబ్దాల్ని తగ్గించి పైవాటిని పోనిస్తుంది, ట్వీటర్ 6000 హెర్ట్జ్ దగ్గర అందుకుంటుంది. ఇంకా కిందనుంచి మొదలుపెడితే కోన్‌తో బాగా కలుస్తుందని ఆశ పుడుతుంది, లెక్క ప్రకారం నిజమే కూడా. మా పెట్టెలో కోన్ పై అంచుకి దగ్గరగానే ఉంది, అయినా పెట్టె మీద పెట్టిన ట్వీటర్‌కీ దానికీ నడిమినుంచి నడిమికి 16 సెం.మీ. వచ్చింది, 6000 దగ్గర అది మూడు తరంగాలకి దగ్గర, రెండూ బాగా కలవడానికి అది ఎక్కువ దూరమే. కానీ ఒక్క కెపాసిటర్‌తో ఇంత చిన్న డోమ్‌ని 2000కి దింపితే కింది శబ్దాలు కూడా లోపలికి పోయి దాన్ని ఆడించే సన్నని తీగచుట్ట, అంటే కాయిల్, మాడుతుంది. అందుకే ఆగాను.

బ్రిటిష్ స్పీకర్ల కంపెనీ టానాయ్ వాళ్లు 1947 నుంచీ కోన్ మధ్యలోంచే ట్వీటర్ పలికిస్తున్నారు కదా అని ఒకరోజు కోన్ ముందు అడ్డంగా పట్టీ కట్టి ట్వీటర్ దాని నడుమ బిగించి చూశాను. నచ్చలేదు. కోన్ నుంచి వచ్చేది పట్టీకి తగిలి, పాడేవాళ్లు డబ్బాలోంచి మాట్లాడినట్టయింది. పైగా వాళ్లది కోన్ లోపలినుంచి వస్తుంది, నాది కోన్ ముందు వేలాడుతోంది, రెండూ ఒకటి కాదు.

ఇక పెట్టె పైనే. ప్లైవుడ్ ముక్కకి ట్వీటర్ బిగించి ముందు అంచుకి సరిగ్గా పెడితే తాళం పాటకంటే ముందు నిలబడి విడిగా మోగింది. కోన్‌ని ఆడించే కాయిల్ పెట్టె ముందు పలకకి 5 సెం.మీ. లోపల ఉంటుంది, ట్వీటర్ డోమ్ మాత్రం అంచు మీదే ఉంది, అంటే దాని శబ్దం ముందే వచ్చేస్తోంది. రేడియోలో స్టేషన్ లేనిచోట వచ్చే సర్రుమనే శబ్దం పెట్టి, ఒక్క స్పీకరే మోగనిచ్చి, అర సెంటీమీటర్ చొప్పున వెనక్కి జరిపాను. జరిపిన ప్రతిసారీ ట్వీటర్ ప్లస్, మైనస్ వైర్లు అటూ ఇటూ మార్చి విన్నాను, 3 సెం.మీ. జరపడమంటే 6000 దగ్గర వైర్లు తిప్పేయడంతో సమానం కాబట్టి ఒక్కదాన్నే చూస్తే మోసపోతాం. వెనక్కి వెళ్లాక ఇంకో చిక్కు వచ్చింది, ట్వీటర్ ముందు మిగిలిన పెట్టె పైభాగం అద్దంలా శబ్దాన్ని తిప్పికొడుతోంది. పాత ఉన్ని శాలువా ముక్క నాలుగు మడతలు వేసి పరిచాను, బీబీసీ వాళ్ల ఎల్ఎస్3/5ఏ అనే చిన్న స్పీకర్‌లో ట్వీటర్ చుట్టూ ఫెల్ట్ అంటించడం గుర్తొచ్చి. సర్రుమనేది ఒక్కసారిగా మెత్తబడి, పైది కిందది అని తెలియకుండా ఒకే చోటినుంచి వచ్చింది.

చివరికి 4 సెం.మీ. దగ్గర ఆగింది. ఆ తర్వాత ట్వీటర్ గట్టిదనం తగ్గించడానికి 2.2 ఓమ్స్ సిరీస్‌లో, 18 ఓమ్స్ ట్వీటర్ రెండు వైర్ల మధ్య అడ్డంగా, రెండూ 5 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు, సుమారు 3 డెసిబెల్స్ తగ్గింది. కొత్త రికార్డింగులకి ఇంకొంచెం ఉండొచ్చు అనిపిస్తుంది, కానీ పాత రికార్డుల్లో ఆ పైన పాటకంటే గీతల చప్పుడే ఎక్కువ, ఈ ఇంట్లో మోగేవి అవే.

అమ్మ గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తి, "ఈ పాటలో మువ్వలున్నాయా ఏమిట్రా?" అంది. నలభై ఏళ్లుగా ఆ పాట ఈ ఇంట్లో మోగుతూనే ఉంది. నాన్న కుర్చీలోంచి, "ఎప్పుడూ ఉన్నాయిగా," అన్నారు.

రెండో పెట్టె మీద కూడా 4 సెం.మీ. దగ్గర పెన్సిల్ గీత పెట్టి ఉంచాను, దానికి శాలువా ముక్క ఇంకా కత్తిరించాలి.