రెండు గడులు

ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరంలో ఒక సెకండరీ స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా చేరిన కొత్తలో నాకిచ్చిన టైంటేబుల్లో 'ఆర్.ఈ.' అని ఉంది. రిలీజియస్ ఎడ్యుకేషన్. బడిలో మతం చెప్పడమేంటి అనుకున్నాను. పూర్తిగా సర్కారు డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదని మన రాజ్యాంగం 28వ అధికరణ అంటుంది. కడపలో జెడ్పీ హైస్కూల్లో చదివిన నాకు ఇస్లాం గురించి తెలిసిందల్లా పక్క బెంచీ పిల్ల పండక్కి తెచ్చే సేమ్యా పాయసమే.

ఇంగ్లండ్‌లో మాత్రం 1944 విద్యా చట్టంతో బడిలో మతం చెప్పడం తప్పనిసరైంది. 1988 చట్టం క్రైస్తవానికి పెద్దపీట వేస్తూనే దేశంలోని మిగతా ముఖ్య మతాలనూ చెప్పాలంది. సిలబస్ కూడా దేశమంతటికీ ఒకటి కాదు. చర్చి వాళ్లు, ఇతర మతాల వాళ్లు, టీచర్లు, కౌన్సిలర్లు కలిసి కూర్చుని ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం తయారు చేసుకుంటారు. (మన దగ్గర అలా కూర్చోబెడితే టీ దగ్గరే ఆగిపోతుందేమో!) 2021 జనాభా లెక్కల్లో లెస్టర్‌లో క్రైస్తవులు 24.7 శాతం, ముస్లింలు 23.5, హిందువులు 17.9. ఈ ఊళ్లో పాఠం చెప్పేవాళ్లకు ప్రతి మాటా టెన్షనే.

ఒకరోజు హిందూమతం పాఠం. వర్క్‌షీటులో బ్రహ్మం, త్రిమూర్తులు, కర్మ అన్నీ ఇస్త్రీ చేసిన బట్టల్లా మడతపెట్టి ఉన్నాయి. మా అవ్వ మొక్కే పోలేరమ్మ ఎక్కడా లేదు. "మిస్, మీరూ హిందువే కదా, ఏదైనా చెప్పండి" అంది టీచర్. నాకు ఉపనిషత్తులు రావు. వచ్చింది చెప్పాను. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లింలు కొబ్బరికాయ, బెల్లం పట్టుకుని వస్తారని, స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు కాబట్టి వెంకటేశ్వర స్వామి తమకు అల్లుడంటారని.

క్లాసు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. తర్వాత హిజాబ్ వేసుకున్న ఒక పిల్ల, "మరి అల్లుడికి విందు పెడతారా మిస్?" అంది. అందరూ పగలబడి నవ్వారు. ముందు బెంచీ అబ్బాయి మాత్రం నవ్వలేదు. అతని షీటులో రెండు గడులున్నాయి, ఒకటి హిందూమతం, రెండోది ఇస్లాం. "దీన్ని ఎందులో రాయాలి?" అన్నాడు. టీచర్ నా వైపు చూసింది, నేను టీచర్ వైపు చూశాను. ఇంతలో బెల్లు కొట్టారు.

ఆ తర్వాతి పీరియడ్ లైబ్రరీలో ఒక కుర్రాడికి లెక్కల్లో సాయం చేయాలి. ఆర్.ఈ. వద్దని వాళ్ల నాన్న రాసిచ్చాడు. ఇక్కడ తల్లిదండ్రులకు ఆ హక్కుంది. అందుకని ఆర్.ఈ. గంటలో వాడు లైబ్రరీలోనే ఉంటాడు.

"మీ నవ్వులు ఇక్కడిదాకా వినబడ్డాయి. ఏం చెప్పారు మిస్?"

చెబుదామని నోటిదాకా వచ్చింది. భిన్నాల పేజీ తీయమన్నాను.