ఒకే మోకాలు, రెండు లిగమెంట్లు

పొద్దున ఉగ్గాని తినేసి సప్తగిరి సర్కిల్ మీదుగా అక్క వాళ్లింటికి పోయేసరికి ఇంట్లో ఇంకా అదే చర్చ. కబడ్డీలో కాలు మెలిపడి పిల్లోడి కుడి మోకాలు దెబ్బతిన్నప్పటి నుంచీ అవ్వది ఒకటే మాట, పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోతుందని. ఎముక విరిగుంటే అది వేరే సంగతి. ఎమ్మారైలో ఎముక బాగానే ఉంది, ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు రెండు, లోపలి పక్కన ఎంసీఎల్ కొంత, కీలు నడుమ ఏసీఎల్ కొంత చిరిగాయని రాశారు.

"రెండూ కొంచెమే కదా పిన్నీ, రెండూ ఒకేసారి అతుక్కుంటాయా?" అన్నాడు వాడు. ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పేదాన్ని, ఏదో సర్దిచెప్పి వదిలేయబుద్ధి కాలేదు.

రెండిట్లోనూ ఉన్నది ప్రధానంగా టైప్ 1 కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులే. తేడా అంతా అవి ఉన్న చోటులో ఉంది. ఎంసీఎల్ కీలు ద్రవానికి బయట ఉంటుంది, చుట్టూ రక్తనాళాలు బాగా ఉంటాయి. చిరిగిన చోట రక్తం గడ్డకట్టి నిలుస్తుంది, ఆ గడ్డలోకే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు పాకి వచ్చి కొత్త పోగులు అల్లుతాయి. మొదట్లో సన్నటి టైప్ 3 కొల్లాజెన్ ఎక్కువ, అది కూడా అడ్డదిడ్డంగా పడి ఉంటుంది. తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటినా, టైప్ 1 పెరుగుతూ, లాగుడు ఏ దిక్కున పడితే పోగులు ఆ దిక్కుకి సర్దుకుంటాయి. అందుకే కాలు బిగించి మూలన కూర్చోబెట్టొద్దని అవ్వకి గట్టిగానే చెప్పాను. అసలు బరువే పడకపోతే బాగున్న లిగమెంట్ కూడా బలహీనపడుతుంది.

ఏసీఎల్ కథ వేరు. అది కీలు లోపల ఉంటుంది, దాన్ని కప్పిన పల్చటి పొర చిరిగితే కారిన రక్తం కొసల మధ్య నిలవకుండా మోకాలంతా పరుచుకుంటుంది (వీడి మోకాలు అంత వాచింది అందుకే అనుకుంటా). పైగా అక్కడ ప్లాస్మిన్ అనే ఎంజైమ్ ఆ గడ్డని కరిగించేస్తుంది. కణాలు బతికే ఉంటాయి, పని చేయాలనే చూస్తాయి, కానీ పట్టుకుని పాకడానికి ఏమీ ఉండదు. అది తలుచుకుంటే నాకు నిజంగా మనసు కలుక్కుమంటుంది. పూర్తిగా తెగినవాళ్లకి ఆ ఖాళీలో కొల్లాజెన్ స్పాంజి పెట్టి, వాళ్ల రక్తంతోనే తడిపి కుట్టే పద్ధతికి అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది.

మరి వీడికి? మిగిలిన పోగులు గట్టిగా ఉండి మోకాలు జారకపోతే, తొడ కండ సాయంతో చాలామంది ఆపరేషన్ లేకుండానే నడుస్తారు. కొందరికి ఆ మిగిలినవీ తెగుతాయి. అది దాచకుండా చెప్పాను. వాడి మొహం చిన్నబోయింది.

రెండు కాళ్లూ చాపి చూపించమన్నాను. కుడి మోకాలి చిప్ప పైన, లోపలి వైపు కండ కరిగిపోయి చిన్న గుంట పడింది. మడిచిన టవల్ మోకాలి కింద పెట్టి, దాన్ని నొక్కుతూ తొడ బిగించమన్నాను. మొదట్లో కండ వణికింది, చిప్ప కదల్లేదు. ఆగి ఆగి చేస్తే కొంచెం పైకి లేచింది. పూటపూటకీ చేయించే బాధ్యత అక్కది.

సాయంత్రం బయల్దేరే ముందు స్కాన్ కవర్ వెనకాల డాక్టర్ని అడగాల్సినవి రాసిచ్చాను: నిద్రపోయేటప్పుడు మోకాలికి వేసిన బ్రేస్ పట్టీ తీయొచ్చా, మోకాలు ఎంతవరకు మడవొచ్చు, చేత్తో లాగి చూసే పరీక్ష మళ్లీ ఎప్పుడు చేస్తారు.