చిలుము పట్టిన పెట్టె

శనివారం, రాత్రి పదకొండు. రెండుసార్లు సబ్బుతో కడిగినా చేతులకి గ్రీజు వాసన పోలేదు. నిద్ర ముంచుకొచ్చేలోపు ఇవాళ్టి సంగతి రాసుకోవాలి. మూడు నెలలుగా ఈ డైరీలో కారు గురించి రాసిందంతా దిగులే.

మాది 2005 మోడల్ చిన్న పెట్రోల్ కారు. నాన్న కొన్నాడు, ఇప్పుడు నడిపేది నేను. ఎండలు ముదిరినప్పటి నుంచి దానికో జబ్బు. ఇరవై నిమిషాలు చక్కగా తిరుగుతుంది. వేడెక్కాక దీపం ఆర్పినట్టు ఆగిపోతుంది. ముందుగా ఒక కుదుపు గానీ, దగ్గు గానీ ఉండదు. అరగంట నీడన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. పోయిన వారం నాన్నని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే చెన్నైలో పురసవాక్కం సిగ్నల్ దగ్గర అలాగే ఆగింది. వెనక బస్సు హారన్ మోగిస్తూనే ఉంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, తోస్తానని తలుపు తీసుకుని దిగాడు. ఆయన రెండు చేతులూ డిక్కీకి ఆనించి ఒంగోవడం అద్దంలో చూశాను. ఆ రోజు రాత్రంతా అదే కళ్ళ ముందు మెదిలింది.

అంతకుముందు ఒక గ్యారేజీలో పెట్రోల్ పంపు మార్చారు, తర్వాత ఇంజన్ తిరుగుడు కనిపెట్టే క్రాంక్ సెన్సర్, ఆ తర్వాత స్పార్క్‌కి కరెంటిచ్చే ఇగ్నిషన్ కాయిల్. మొత్తం పదకొండు వేలు. చివరికి "కంప్యూటర్ పోయింది మేడమ్, ఈ బండికి దొరకదు, స్క్రాప్‌కి ఇచ్చేయండి" అన్నారు. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. ఇన్ని భాగాలు మార్చినవాళ్ళు ఒక్కసారి కూడా కరెంటు కొలిచే మీటర్ బయటికి తీయలేదు.

అయనావరంలో షెడ్డు పెట్టుకున్న నెల్లూరు అబ్బాయి గురించి మా పాలాయన చెప్పాడు. నిన్న ఫోన్‌లో అంతా విని అతను అన్న మాట ఇది: "పోయిందని ఇప్పుడే చెప్పబాకక్కా. దాని దాకా వచ్చే కరెంటు చూడకుండా, ఎర్త్ చూడకుండా దాన్నెట్టా అంటాం? రేపొచ్చేటప్పుడు ఇంట్లో హెయిర్ డ్రయ్యర్ ఉంటే పట్టుకురా."

ఎనిమిదింటికల్లా వెళ్ళాం. నాన్న స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాడు. అంబాసిడర్ నడిపిన రోజుల్లో గాలీ పెట్రోలూ కలిపే కార్బురేటర్ విప్పి జెట్లు తనే ఊది శుభ్రం చేసుకున్న మనిషి. 2000 నుంచి పొగ నిబంధనలు బిగుసుకున్నాక కార్బురేటర్ల కాలం పోయింది, ఈ కంప్యూటర్ పెట్టెలొచ్చాయి. ఇంజన్‌లోకి ఎంత గాలి పోతోంది, క్రాంక్ ఎక్కడ తిరుగుతోంది, నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయి, యాక్సిలరేటర్ ఎంత నొక్కాం, ఇవన్నీ సెన్సర్ల నుంచి తెలుసుకుని ఏ క్షణాన ఎంత పెట్రోల్ చిమ్మాలో, ఎప్పుడు స్పార్క్ ఇవ్వాలో ఇదే తేలుస్తుంది. అందుకే ఏ సెన్సర్ తప్పుడు మాట చెప్పినా నింద దీని మీద పడుతుంది.

ఆ నెల్లూరు తమ్ముడు గంటన్నర పాటు ఒక్క స్పేర్ కూడా ముట్టుకోలేదు, కొలుస్తూనే ఉన్నాడు. పెట్టెకి బ్యాటరీ నుంచి పన్నెండు వోల్టులు వస్తున్నాయా, తాళం తిప్పినప్పుడు రావాల్సిన రెండో లైను వస్తోందా, కరెంటు స్విచ్చులా పనిచేసే రిలే వేడెక్కి వదిలేస్తోందా అన్నీ చూశాడు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎర్త్ మీద, అంటే కరెంటు బండి బాడీ గుండా బ్యాటరీకి తిరిగెళ్ళే దారి మీద, 0.1 వోల్ట్ కూడా పోకూడదట. మా బండిలో అంతకంటే ఎక్కువ పోతోంది. ఎర్త్ బోల్టు విప్పి కింద ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది బిగించాడు, సరిపోయింది. ఇక పెట్టె నుంచి సెన్సర్లకి వెళ్ళే ఐదు వోల్టులు. ఏదో ఒక సెన్సర్ లోపల షార్టయితే ఆ ఐదూ పడిపోతాయి, పెట్టె చచ్చినట్టే కనిపిస్తుంది. అందుకని ఒక్కో సెన్సర్ ప్లగ్ పీకి చూశాడు. అన్నీ బాగున్నాయి.

అప్పుడు డ్రయ్యర్ అడిగాడు. ఎడమ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట మ్యాట్ పక్కకి లాగి, ఇంజన్ ఆన్‌లో ఉంచి పెట్టె మీదికి వేడిగాలి పట్టమన్నాడు. నేనే పట్టాను. నాలుగో నిమిషంలో ఇంజన్ ఆగిపోయింది. పురసవాక్కంలో ఎలా ఆగిందో అచ్చం అలాగే. తాళం తిప్పితే డాష్‌బోర్డులో చెక్ ఇంజన్ దీపం వెలగలేదు. పెట్టెకి కరెంటు అందుతూ ఉండగా ఆ దీపం కూడా వెలగలేదంటే లోపల ప్రాణం లేనట్టే. ఫ్యాన్ పెట్టి చల్లారనిస్తే పావుగంటకి వెలిగింది. మళ్ళీ వేడి పట్టాం, మళ్ళీ ఆగింది. "ఇప్పుడు చెప్పొచ్చు పెద్దాయనా," అన్నాడు నాన్నతో.

మూత తీస్తే లోపల అరచేతిలో పట్టేంత పచ్చ బోర్డు. ఒక మూల సన్నటి బూడిదరంగు గీత. బురద నీళ్ళు నిలిచి ఇంకిపోయిన గుర్తు. ఆ గీతకి దిగువన రాగి దారుల మీద చిలుము పేరుకుంది. నాన్న పూజ గదిలో తోమకుండా వదిలేసిన రాగి చెంబుకి పట్టేదే, అదే రంగు, అదే పొడి. గోరుతో గీస్తే రాలింది. 2023 డిసెంబరు, మిచౌంగ్ తుపాను. మా కొళత్తూరు వీధిలో సీటు అంచు దాకా నీళ్ళు. ఇక్కడ ముంచేసి అది బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు కార్పెట్ ఆరబెట్టించాం, ఆయిల్ మార్పించాం, స్టార్టయ్యిందని సంతోషపడ్డాం. ఈ పెట్టె విప్పి చూడాలని ఎవరికీ తోచలేదు. ఇన్నాళ్ళూ ఆ చిలుము రాగిని తింటూనే ఉంది. వేడికి బోర్డు సాగినప్పుడు ఆ సన్నటి దారి విడిపోతోంది, చల్లారాక మళ్ళీ అంటుకుంటోంది.

బోర్డు మీద కరెంటు నిలవ ఉంచే కెపాసిటర్లు మాత్రమే కారి ఉంటే మార్చేసేవాడినన్నాడు తమ్ముడు. చిలుము బోర్డు పొరల మధ్యకి దిగింది కాబట్టి అతుకు వేసినా నిలవదు.

పాత కార్ల స్పేర్లు అమ్మే పుదుపేటకి ఆటోలో వెళ్ళాం. చిన్నప్పుడు ఎగ్మోర్ వెళ్ళేటప్పుడు ఆ వీధులు చూసి భయపడేదాన్ని, కార్లని చంపే చోటనిపించేది. ఇవాళ తలుపుల వరుసలు, దండల్లా వేలాడే సైలెన్సర్లు, తాళ్ళతో కట్టిన హెడ్‌లైట్లు దాటుకుంటూ వెళ్తుంటే ఆసుపత్రిలో రక్తం కోసం తిరుగుతున్నట్టుంది. మొదటి కొట్టతను మా పెట్టె చూసి అలాంటిదే తీసి ఇచ్చాడు. నంబరంతా ఒకటే, చివరి అక్షరం మాత్రం వేరు. "అదే వేలై సెయ్యుం, ఎడుత్తుక్కో" అన్నాడు, అదే పని చేస్తుంది తీసుకో అని. తమ్ముడు తిరిగిచ్చేశాడు. గేరు రకాన్ని బట్టి, ఏసీని బట్టి లోపలి లెక్కలు మారతాయట, ప్లగ్ సరిపోయినంత మాత్రాన చాలదట. ఐదో కొట్లో అక్షరంతో సహా కలిసింది. అక్కడా తమ్ముడు తొందరపడలేదు. నాలుగు స్క్రూలూ విప్పి చూస్తే గానీ కొననన్నాడు. వరదలో మునిగిన బండ్లు కూడా ఇక్కడికే కదా వచ్చేది. కొట్టతనికి కోపమొచ్చింది. నాన్న తన అరవంలో మెల్లగా ఏదో చెప్పాడు. మూత తెరిస్తే బోర్డు కొత్త పళ్ళెంలా ఉంది. మూడున్నర వేలు.

దాన్ని నేరుగా పెడితే బండి స్టార్టవదు. మా తాళంచెవిలో చిప్ ఉంది. ఆ చెవి మాదేనని గుర్తుపట్టే కోడ్ పాత పెట్టెలో ఉంది. కూవం నది దాటి, ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కి నడిచాం. మేడ మీది గదిలో ఒక కుర్రాడు, భూతద్దం దీపం, వేడిగాలి గన్. పాత బోర్డు మీద బియ్యపు గింజకంటే కాస్త పెద్దదైన ఎనిమిది కాళ్ళ చిప్ ఊడదీసి, రీడర్‌లో పెట్టి, అందులో ఉన్నదంతా రెండుసార్లు చదివించి రెండూ ఒకటేనా అని సరిచూసుకున్నాడు. తర్వాతే కొత్తదాంట్లోకి రాశాడు. ఒక కాపీ నా పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. అడక్కుండానే ఇచ్చాడు, అది నాకు బాగా నచ్చింది.

తిరిగి షెడ్డుకి వచ్చేసరికి నాలుగైంది. పది నంబర్ స్పానర్‌తో ముందు బ్యాటరీ నెగెటివ్ విప్పాడు, పెట్టె అమర్చాడు, ప్లగ్ లాక్ పడిందాకా నొక్కాడు, చివర్లో నెగెటివ్ బిగించాడు. "నువ్వే తిప్పక్కా." తిప్పాను. దీపం వెలిగింది. వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు జుయ్‌మని ఆగింది. సెల్ఫ్ కొడితే మొదటి దెబ్బకే అందుకుంది. ఐడిలింగ్ కాస్త ఎక్కువగా లేచి, ఊగి ఊగి, పావుగంటకి కుదురుకుంది. నేను మళ్ళీ డ్రయ్యర్ అందుకున్నాను. పది నిమిషాలు పట్టాను. చెయ్యి నొప్పెట్టింది, ఇంజన్ మాత్రం ఆగలేదు. నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

కూలి అడిగితే తమ్ముడు పన్నెండొందలు చెప్పాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మనిషి పని అది. రెండు వేలిచ్చాను, తీసుకోనని పేచీ పెట్టాడు. నాన్నే అతని జేబులో కుక్కి వచ్చాడు.

ఇంటికి కావాలనే పురసవాక్కం మీదుగా, ఏసీ వేసుకుని వచ్చాను. అదే సిగ్నల్. తొంభై సెకన్లు. ఇద్దరం మాట్లాడుకోలేదు. నాన్న చెయ్యి డాష్‌బోర్డు మీద ఉంది, అదురు తెలుస్తోందేమో. పచ్చ పడింది, కదిలాం.

అన్నాలయ్యాక కారు కొన్నప్పటి నుంచి రాస్తున్న పద్దు పుస్తకం తీశాడు. 1,38,412 కి.మీ., కంప్యూటర్ మార్పు, పుదుపేట, 3,500. నంబర్ చదవమన్నాడు, పెట్టె మీది చిన్న అక్షరాలు ఆయనకి ఆనవు. కంటి డాక్టర్‌కి మళ్ళీ మంగళవారం టైమిచ్చారు. నేను చదువుతుంటే ఒక్కో అంకె రాసుకున్నాడు.

"చివరి అక్షరం ఇంకోసారి చెప్పు తల్లీ."

చెప్పాను. దాని చుట్టూ సున్నా చుట్టాడు.