ఆర్హస్‌లో మా బ్యాండుకు బ్యాంకు ఖాతా తెచ్చుకున్న కథ

నిన్న మధ్యాహ్నం ఖాతా తెరిచారు. కోపం, సంతోషం రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో మాది నలుగురి ఇండీ బ్యాండు. ముగ్గురు ఇక్కడివాళ్లే, నేను వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చి ఉద్యోగంలో ఉండిపోయాను, బేస్ గిటార్ వాయిస్తాను. రిహార్సల్ గది దొరికింది, పాటలు కుదిరాయి, రాసినవాళ్లకు రాయల్టీ రావాలని, ఇక్కడి పాటల హక్కుల సంస్థ కోడాలో చేరాం. పెద్ద లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, కోసం ఎదురుచూడలేదు. ఇక్కడి మ్యూ బ్యాండు 2000లో తమ ఆల్బమ్‌ని సొంత లేబుల్ మీదే తెచ్చింది, ఎఫ్టర్‌క్లాంగ్ అనే ఇంకో డేనిష్ బ్యాండు వాళ్లు రుమ్‌రాకెట్ అని సొంత లేబులే పెట్టుకున్నారు. మేమూ అదే దారి. మొదటి షోకి గది నిండింది, రెండో పాటకే జనం మాతో పాడారు, ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

చిక్కంతా ఆ షో డబ్బుతోనే. మనుషుల ఖాతాల్లో వేయం, సంఘం ఖాతా కావాలని షో పెట్టినవాళ్లు అన్నారు. సరే, ఫొరేనింగ్, అంటే సంఘం, పెట్టాం. సమావేశం, నియమావళి, సీవీఆర్ అనే రిజిస్ట్రేషన్ నంబరు, ఏదీ కష్టం కాలేదు. లెక్కలు జాగ్రత్తగా రాస్తానని నన్ను కోశాధికారిని చేశారు.

మొదటి బ్యాంకు కొత్త సంఘాలను తీసుకోమంది. రెండోది సమావేశంలో ఏం తేల్చామో రాసిన మినిట్స్ మీద సంతకం లేదని ఒకసారి, సంఘం తరఫున ఎవరు సంతకం చేయాలో నియమావళిలో లేదని ఇంకోసారి తిప్పి పంపింది. మూడోసారి నన్నూ డ్రమ్మర్నీ రమ్మన్నారు. ఎదురుగా నేను కూర్చుని ఉండగానే, నా పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని, ఈ డబ్బులో ఏమైనా ఇండియాకి వెళ్తుందా అని బ్యాంకు ఆవిడ మా డ్రమ్మర్ని డేనిష్‌లో అడిగింది. నాకు భాష రాదనుకుంది. చెవులు వేడెక్కిపోయాయి. "కోశాధికారి ఇతనే, ఇతన్నే అడుగు" అన్నాడు వాడు. నేను డేనిష్‌లోనే ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పాను. అయినా ఇంకో ఐదు వారాలు పట్టింది. అన్నాళ్లూ గది అద్దె నా జేబులోంచే కట్టాను.

కోశాధికారిగా డేనిష్ పేరు పెడితే త్వరగా అవుతుందని ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. అలా మాత్రం చేయకండి. పని చేసేది మీరైతే పేరూ మీదే ఉండాలి. నియమావళిలో మాత్రం అధ్యక్షుడు, కోశాధికారి కలిసి సంతకం చేస్తారని మొదటే రాయండి, మినిట్స్ మీద సమావేశం నడిపినవాళ్ల సంతకం తప్పకుండా తీసుకోండి.

రాత్రి గదిలో షో డబ్బు పడిన మెసేజ్ చూపిస్తే మా సింగర్ గిటార్ పక్కన పెట్టి వచ్చి కౌగిలించుకుంది. తర్వాత అందరం కూర్చుని ఇక్కడే జరిగే స్పాట్ ఫెస్టివల్‌కి పంపాల్సిన పాటలు ఏరుకున్నాం.